చూసిందెవరో తేలని వీడియో: ఒక ఆఫీసు నిఘా కేస్ స్టడీ

ఈ కేసు ‘ఐడిల్’ అనే ఒక్క మాటతో మొదలైంది.

అదొక కస్టమర్ సర్వీస్ సంస్థ. సుమారు నాలుగు వందల మంది ఉద్యోగులు. కొందరు ఆఫీసుకు వస్తారు, కొందరు ఇంటి నుంచి చేస్తారు. అక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఒక సీనియర్ ఉద్యోగినికి మెమో వచ్చింది. రోజుకు సగటున 96 నిమిషాలు ఐడిల్‌గా, అంటే పని చేయకుండా ఖాళీగా, ఉంటున్నారు, సంజాయిషీ ఇవ్వండి అని. ఆవిడ సంజాయిషీ ఇవ్వలేదు. ఒక పేజీ ఉత్తరం రాశారు: ‘నా గురించి మీ దగ్గరున్న సమాచారం మొత్తం, వీడియోలు, స్క్రీన్‌షాట్లతో సహా, నాకు కాపీ కావాలి.’

ఆవిడ పనిచేసేది ఆ సంస్థ యూరప్ ఆఫీసులో. కాబట్టి జీడీపీఆర్, అంటే యూరప్ డేటా రక్షణ చట్టం, వర్తిస్తుంది. దాని 15వ ఆర్టికల్ ప్రకారం ఎవరైనా తన డేటా అడగొచ్చు, అడిగితే 12వ ఆర్టికల్ ప్రకారం మామూలుగా ఒక నెలలోపు ఇవ్వాలి. కేసు చిక్కుగా ఉంటే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు, కానీ ఆ మాట కూడా మొదటి నెలలోనే చెప్పాలి. ఇలాంటి ప్రైవసీ కేసులు చూసే నాకు సంస్థ లీగల్ విభాగం వాళ్లు ఫోన్ చేసేసరికి అందులో నాలుగు రోజులు అయిపోయాయి. ఎవరినీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. జరిగిన తప్పులు మాత్రం జరిగినట్టే ఉన్నాయి. వాటిలో ఒకటి నాది.

మొదటి మీటింగ్

ఆపరేషన్స్ హెడ్ మొదట అడిగిన ప్రశ్న: “లాప్‌టాప్ కంపెనీది, కరెంటు కంపెనీది, కెమెరా కంపెనీది. మధ్యలో ఆవిడ ప్రైవసీ ఎక్కడి నుంచి వచ్చిందండీ?”

ఈ ప్రశ్న నాకు ప్రతి కేసులోనూ ఎదురవుతుంది. జవాబుగా నేను బార్బులెస్కు కేసు చెబుతాను. 2007లో రుమేనియాలో ఒక సేల్స్ ఇంజనీరు కంపెనీ చెప్పిందని కస్టమర్ల కోసం యాహూ మెసెంజర్ ఖాతా తెరిచాడు. అందులో తన సోదరుడితో, పెళ్లి చేసుకోబోయే అమ్మాయితో కూడా మాట్లాడాడు. సొంత పనికి వాడలేదని అతను అంటే, కంపెనీ 45 పేజీల సంభాషణ ప్రింట్ తీసి ముందు పెట్టింది. ఉద్యోగం పోయింది. సొంత వాడకం నిషేధమని కంపెనీ రూల్ ఉంది, అది అతనికి తెలుసు కూడా. రుమేనియా కోర్టులు కంపెనీ వైపే నిలిచాయి. యూరోపియన్ మానవ హక్కుల కోర్టులోనూ 2016లో మొదటి విడత ఓడిపోయాడు. ఆ కోర్టులోనే పై ధర్మాసనమైన గ్రాండ్ ఛాంబర్ 2017 సెప్టెంబర్ 5న 11–6 ఓట్ల తేడాతో దాన్ని తిరగేసింది. ‘వాడొద్దు’ అని చెప్పడం వేరు, ‘నీ సందేశాలు చదువుతాం’ అని ముందుగా చెప్పడం వేరు అన్నది అందులో కీలకం. కంపెనీ రూళ్లు ఎంత కఠినంగా ఉన్నా పనిచేసే చోట మనిషి వ్యక్తిగత జీవితాన్ని సున్నా చేయలేవని కూడా కోర్టు అంది. దానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు, ఆగస్టు 24న, భారత సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లం ఆ రెండు వారాలూ సరిగా నిద్రపోలేదు, చదువుకోవడానికే సరిపోయింది.

“మరి దొంగతనాలు జరిగితే చూస్తూ కూర్చోవాలా?” అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. స్పెయిన్‌లో ఒక సూపర్‌మార్కెట్లో నెలల తరబడి సరుకు తగ్గుతుంటే, క్యాష్ కౌంటర్ల వైపు రహస్య కెమెరాలు పెట్టి దొంగతనాన్ని పట్టుకున్నారు. నిఘా నడిచింది పది రోజులు. 2019లో అదే గ్రాండ్ ఛాంబర్, లోపెజ్ రిబాల్డా కేసులో, ఇది హక్కుల ఉల్లంఘన కాదంది. గట్టి అనుమానం, పరిమితమైన చోటు, కొద్ది రోజులు. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి. నేను నిఘాకు వ్యతిరేకిని కానని, ఆ మూడూ మీ దగ్గర చూపించమనే అడుగుతున్నానని చెప్పాను.

చూపించలేకపోయారు. అక్కడ నిఘా పొరలు పొరలుగా పేరుకుంది. ఆరేళ్ల క్రితం రెండు లాప్‌టాప్‌లు పోయాయని కెమెరాలు పెట్టారు. ఆ తర్వాత ఒకరి కార్డు ఇంకొకరు స్వైప్ చేస్తున్నారని ముఖం చూపిస్తే హాజరు పడే మెషీన్ తెచ్చారు. కోవిడ్ సమయంలో ఇంటి నుంచి పని మొదలయ్యాక లాప్‌టాప్‌లలో ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ వేశారు. ప్రతి పొరకూ పెట్టిన రోజున ఒక కారణం ఉంది. ఆ కారణం పోయాక పొర తీసేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇలాంటివి పెట్టేముందు వాటివల్ల ఉద్యోగుల హక్కులకు కలిగే ముప్పును అంచనా వేసి కాగితం మీద పెట్టాలని జీడీపీఆర్ 35వ ఆర్టికల్ అంటుంది. మూడింటిలో ఒక్కదానికీ ఆ కాగితం లేదు.

96 నిమిషాల లెక్క

కీబోర్డు, మౌస్ మూడు నిమిషాలు కదలకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ‘ఐడిల్’ అని రాసుకుంటుంది. ఇంతకీ ఈవిడ పని ఏమిటి? మిగతావాళ్లు తేల్చలేని ఫిర్యాదులు ఆవిడకు వస్తాయి. కోపంగా ఉన్న కస్టమర్ చెప్పేదంతా ఓపికగా వినాలి. ఆవిడ నోట్స్ రాసుకునేది గీతల పుస్తకంలో, పెన్నుతో.

రెండు వారాల కాల్ రికార్డునూ ఐడిల్ రికార్డునూ ఒక షీట్‌లో పక్కపక్కన పెట్టాను. ఒక మంగళవారం ఉదయం 11:04 నుంచి 11:31 వరకు ఆవిడ ఒకే కస్టమర్‌తో మాట్లాడారు. ఆ కస్టమర్ ఐదుకు ఐదు రేటింగ్ ఇచ్చాడు. అదే సమయానికి సాఫ్ట్‌వేర్ రాసింది: 21 నిమిషాలు ఐడిల్. ఇలా లెక్క తీస్తే సగటు 96 నిమిషాల్లో 71 నిమిషాలు ఫోన్లో ఉన్న సమయమే.

మిగిలిన 25 నిమిషాల్లో మంచినీళ్లు, బాత్రూమ్ లాంటివి పోగా, రోజూ 12:50 ప్రాంతంలో పది నిమిషాల ఖాళీ ఒకటి కనిపించింది. గ్రాఫ్‌లో పళ్ల మధ్య సందులా, ప్రతిరోజూ అదే చోట. నేను అడగలేదు. ఆవిడే చెప్పారు: “షుగర్ అండీ. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.” చెప్పనక్కర్లేకుండానే గ్రాఫ్ చెబుతోంది. ఆరోగ్య సమాచారం ఎక్కడా సేకరించలేదని సంస్థ తన పాలసీలో రాసుకుంది. అబద్ధమాడాలని కాదు, మౌస్ కదలికలో ఆరోగ్యం ఉంటుందని వాళ్లకు తోచలేదు.

ఆ సాయంత్రం ఫ్లోర్‌లో ఒక రౌండ్ వేశాను. ఒక డెస్క్ మీద మౌస్ కింద ముళ్ల చేతిగడియారం ఉంది. సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ కింది సెన్సర్ దాన్ని కదలిక అనుకుంటుంది, స్క్రీన్ మీద బాణం గుర్తు మెల్లగా వణుకుతూ ఉంటుంది. ఆ డెస్క్ స్కోరు ఆ నెల 98 శాతం యాక్టివ్. నేను దాని గురించి రిపోర్టులో రాయలేదు, డెస్క్ నంబరు ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ అది సరైన పనే అనుకుంటున్నాను.

ఇలాంటి కొలతల మీద ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ రెండు పెద్ద నిర్ణయాలు ఇచ్చింది. 2023 డిసెంబర్ చివర్లో అమెజాన్ ఫ్రాన్స్ గోదాముల సంస్థకు 32 మిలియన్ యూరోల జరిమానా వేసింది. అక్కడ స్కానర్ పది నిమిషాలు ఆగినా లెక్కే, ఒక వస్తువు తర్వాత ఇంకోటి 1.25 సెకన్లకన్నా త్వరగా స్కాన్ చేసినా లెక్కే. ఆలస్యమైనా తప్పు, తొందరపడినా తప్పు. రెండోది 2024 డిసెంబర్‌లో, పేరు బయటపెట్టని ఒక రియల్ ఎస్టేట్ సంస్థ మీద, 40,000 యూరోలు. మొత్తం చిన్నదే కానీ మా కేసుకు అచ్చు కవల: మౌస్ కదలని నిమిషాల లెక్క, స్క్రీన్‌షాట్లు, మాటలతో సహా రికార్డు చేసే కెమెరా, పలువురు కలిసి వాడే అడ్మిన్ ఖాతా. మీటింగ్‌లో దాని సారాంశం చదివి వినిపిస్తే లీగల్ హెడ్, “ఇది మన గురించి రాసినట్టే ఉంది” అన్నారు.

పద్నాలుగు వేల బొమ్మలు

స్క్రీన్‌షాట్ పది నిమిషాలకొకటి. రోజుకు 48. ఎప్పుడు తుడిచేయాలో ఎవరూ నిర్ణయించలేదు కాబట్టి పద్నాలుగు నెలలవి అలాగే ఉన్నాయి. మొత్తం పద్నాలుగు వేల చిల్లర. ఆవిడకు కాపీ ఇచ్చేముందు ఇతరుల వివరాలు కనబడకుండా చేయాలి, అంటే ఎవరో ఒకరు అన్నీ చూడాలి. నేనూ, మా అసిస్టెంటూ మూడు రోజులు కూర్చున్నాం.

ఒక దాంట్లో బ్యాంక్ బ్యాలెన్స్. ఒక దాంట్లో రక్త పరీక్ష రిపోర్టు. ఇంకో దాంట్లో పక్క టీమ్ అమ్మాయి తన విడాకుల గురించి చాట్‌లో రాసుకున్న బాధ. ఆ అమ్మాయి ఏ డేటా అడగలేదు, అయినా ఆమె బతుకు నా ముందు తెరిచి ఉంది. మూడో రోజుకు మా అసిస్టెంట్, “సార్, వీళ్ల మీద నిఘా తప్పని రాయడానికి మనం ఇంకా ఎక్కువ నిఘా చేస్తున్నాం” అన్నాడు. కాదనలేకపోయాను.

అంతకన్నా పెద్ద సమస్య కస్టమర్లది. ఈ సంస్థ కస్టమర్ల డేటాబేస్‌ను చాలా జాగ్రత్తగా కాపాడుతుంది. ఎన్‌క్రిప్షన్ ఉంది, ఎవరు ఏ రికార్డు తెరిచారో నమోదవుతుంది, ఖాతా నంబర్లలో సగం అంకెలు దాచేస్తారు. కానీ సీనియర్ ఉద్యోగులకు పూర్తి నంబరు కనిపిస్తుంది. ఆ స్క్రీన్‌ను పది నిమిషాలకోసారి ఫొటో తీసి, ఏ రక్షణా లేని ఒక ఫోల్డర్లో పడేస్తోంది ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్. కంచే చేను మేసింది.

ఇలాంటి ఫోల్డర్లు ఎలా బయటపడతాయో బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎం ఉదంతంలో చూశాం. జర్మనీలోని న్యూరెంబర్గ్ సర్వీస్ సెంటర్లో, సెలవు నుంచి తిరిగొచ్చిన ఉద్యోగులతో మాట్లాడి వాళ్ల జబ్బులు, ఇంటి గొడవలు మేనేజర్లు రాసి పెట్టుకునేవారు. 2019 అక్టోబర్‌లో ఒక కాన్ఫిగరేషన్ పొరపాటు వల్ల అవి కొన్ని గంటలపాటు కంపెనీ అంతటికీ కనిపించాయి. మరుసటి ఏడాది హాంబర్గ్ అధికారులు వేసిన జరిమానా 35.3 మిలియన్ యూరోలు.

ముఖం హాజరు గురించి పెద్దగా రాయడానికేమీ లేదు. అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నామన్నారు. వద్దంటే ఉద్యోగం ఏమవుతుందోనని భయపడే మనిషి సంతకాన్ని అంగీకారం అనలేం. బ్రిటన్‌లో సర్కో లీజర్ అనే సంస్థ 38 కేంద్రాల్లో రెండు వేల మందికి పైగా ఉద్యోగుల హాజరుకు ముఖాలు, వేలిముద్రలు వాడితే, ఆపేయమని 2024 ఫిబ్రవరిలో అక్కడి డేటా రక్షణ సంస్థ ఐసీఓ ఆదేశించింది. ఆ ఆదేశం చూపించాను. నెలలో మళ్లీ కార్డులు వచ్చాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ముఖం పోతే మార్చుకోలేం అన్న వాదన అక్కడ అవసరమే పడలేదు.

ఆదివారం రాత్రి 11:42

కెమెరాల పరిశీలన చివరికి పెట్టుకున్నాను. అదే నా తప్పు, దాని సంగతి కింద చెబుతాను.

బ్రేక్ రూమ్‌లో కెమెరా ఉందని అందరికీ తెలుసు. దానికి మైక్ ఉందని, అది మొదటి రోజు నుంచీ ఆన్‌లో ఉందని ఐటీ హెడ్‌కు కూడా తెలియదు. “సౌండ్ రాదండీ” అంటూనే ఒక క్లిప్ ప్లే చేశారు. కుర్చీ జరిపిన చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు, తర్వాత ఇద్దరి మాటలు. ఆయన మొహం పాలిపోయింది. ఆపేయమన్నాను. బాక్సులోంచి తీసినప్పుడు ఉన్న సెట్టింగే ఆరేళ్లు నడిచింది, అంతే. గోడలకు చెవులుంటాయని ఊరికే అనలేదు.

తర్వాత ఎక్స్‌పోర్ట్ జాబితా అడిగాను, అంటే సిస్టమ్ నుంచి బయటికి కాపీ తీసిన వీడియోల పట్టిక. ఎక్కువభాగం గేటు, స్టోర్ రూమ్‌వి. ఒకటి మాత్రం బ్రేక్ రూమ్‌ది. 11 నిమిషాల క్లిప్. ఆదివారం రాత్రి 11:42కు కాపీ తీశారు. అందులో ఐదుగురు ఉద్యోగులు నైట్ షిఫ్ట్ అలవెన్స్ గురించి అందరం కలిసి వెళ్లి అడుగుదామని మాట్లాడుకుంటున్నారు. ఎక్కువగా మాట్లాడింది మన సీనియర్ ఉద్యోగినే. ఆవిడకు మెమో వచ్చింది ఆ ఆదివారానికి తొమ్మిది రోజుల తర్వాత.

కాపీ తీసిన వ్యక్తి పేరు దగ్గర ‘అడ్మిన్’ అని ఉంది.

ఆ ఖాతా పాస్‌వర్డ్ ఏడుగురికి తెలుసు. సెక్యూరిటీ రూమ్‌లో కీబోర్డు అడుగున చీటీ మీద రాసి అంటించి ఉంది కాబట్టి, నిజానికి ఎంతమందికో చెప్పలేం. 2021 మార్చిలో వెర్కాడా అనే కెమెరాల కంపెనీలో ఇలాంటి ఒక్క సూపర్ అడ్మిన్ ఖాతా చేతికి చిక్కితేనే హ్యాకర్లు సుమారు లక్షన్నర కెమెరాల్లోకి చూడగలిగారు. ఆస్పత్రులు, జైళ్లు కూడా అందులో ఉన్నాయి. ఇక్కడ హ్యాకర్ అక్కర్లేదు, చీటీ చాలు.

ఏడుగురితోనూ విడివిడిగా మాట్లాడాను. ఏడుగురూ మేం కాదన్నారు. బయటి నుంచి లాగిన్ అయినట్టు కనిపిస్తోంది, కాబట్టి వీపీఎన్ లాగ్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చినవాళ్ల రికార్డు, చూస్తే ఏ ఉద్యోగి ఆ సమయంలో కనెక్ట్ అయ్యాడో తెలుస్తుంది. ఆ లాగ్ తొంభై రోజులకోసారి పాతది చెరిగిపోయి కొత్తది పడుతుంది. నేను అడిగింది నేను పనిలోకి దిగిన పంతొమ్మిదో రోజు. ఆ ఆదివారం తాలూకు రికార్డు దానికి వారం ముందే చెరిగిపోయింది. మొదటి రోజే అడిగి ఉంటే దొరికేది. నేనేమో మొదటి పది రోజులు పాలసీ కాగితాలు చదువుతూ, కెమెరాలు లెక్కపెడుతూ గడిపాను. ఇప్పుడు ఏ కేసులోనైనా సంతకం పెట్టకముందే ఒక మెయిల్ పంపుతాను: లాగ్‌లు ఏవీ చెరిగిపోకుండా ఆపండి, ఎవరు చూశారన్న రికార్డు ముందు ఇవ్వండి, ఏం రికార్డు చేశారన్నది తర్వాత చూద్దాం.

జవాబులో ఒక వాక్యం

ఆవిడ ఉత్తరం అందిన ఇరవై ఏడో రోజు జవాబు సిద్ధమైంది. కాల్ రికార్డు, ఐడిల్ రికార్డు, ఇతరుల వివరాలు మసకబెట్టిన స్క్రీన్‌షాట్లు, ఆవిడ కనిపించే వీడియోల జాబితా. దాంతోపాటు నేనొక వాక్యం రాశాను: ఫలానా తేదీ రాత్రి 11:42కు మీరున్న వీడియో కాపీ తీశారు, ఎవరు, ఎందుకు తీశారో సంస్థ నిర్ధారించలేకపోయింది.

లీగల్ హెడ్ దాన్ని కొట్టేశారు. ఆయన దగ్గర మంచి ఆధారమే ఉంది. ఫిన్లాండ్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి, ఆ బ్యాంకులోనే కస్టమర్ కూడా, తన ఖాతా వివరాలు ఎవరు తెరిచి చూశారో చెప్పమని అడిగాడు. 2023 జూన్‌లో ఈయూ కోర్టు తీర్పు ఇచ్చింది: ఎప్పుడు చూశారు, ఎందుకు చూశారు అన్నది తెలుసుకునే హక్కు ఉంది, సంస్థ ఆదేశాల మేరకు చూసిన సిబ్బంది పేర్లు మాత్రం మామూలుగా చెప్పనక్కర్లేదు. “పేరు చెప్పనక్కర్లేనప్పుడు ఇదంతా ఎందుకండీ?” అన్నారు.

ఆ మినహాయింపు సంస్థ ఆదేశం మేరకు చూసినవాళ్లకని గుర్తు చేశాను. “ఆ రాత్రి ఎవరికి ఎవరు ఆదేశం ఇచ్చారు?” అని అడిగాను. ఇచ్చామంటే ఉద్యోగులు కూడబలుక్కోవడం మీద సంస్థే నిఘా పెట్టినట్టు. ఇవ్వలేదంటే ఎవరో అనధికారంగా చూసినట్టు, అంటే అది డేటా ఉల్లంఘన, 33వ ఆర్టికల్ ప్రకారం అధికారులకు 72 గంటల్లో చెప్పాల్సి రావచ్చు. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. వాక్యం జవాబులో ఉండిపోయింది. అధికారులకూ తెలియజేశారు.

మెమో వెనక్కి తీసుకున్నారు. ఐడిల్ లెక్క, స్క్రీన్‌షాట్లు ఆగిపోయాయి. పాత స్క్రీన్‌షాట్లను వెంటనే తుడిచేయాలని ఆపరేషన్స్ హెడ్ ఉత్సాహపడ్డారు కానీ వద్దన్నాను. వివాదం తెగేదాకా ఆవిడకు సంబంధించినవి సాక్ష్యం, వాటిని వేరే చోట తాళంలో పెట్టాలి, మిగతావాళ్లవి తుడవాలి. బ్రేక్ రూమ్ కెమెరా పీకేశారు. గేటు, స్టోర్ రూమ్ కెమెరాలు ఉన్నాయి, మైకు లేదు, రికార్డయిన వీడియో 72 గంటల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. అంతకన్నా ఎక్కువ రోజులు ఉంచాలంటే అంత గట్టి కారణం చూపాలని యూరప్ డేటా రక్షణ బోర్డు మార్గదర్శకాల్లో ఉంది. ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్ ఇచ్చారు. వీడియో తెరవాలంటే కారణం టైప్ చేయాలి, ఆ పట్టిక నెలకోసారి ఉద్యోగుల ప్రతినిధులకు వెళ్తుంది.

“ఒక వీడియో చూడటానికి ఇంత తతంగమా?” అని ఆపరేషన్స్ హెడ్ విసుక్కున్నారు. అవునండీ అన్నాను.

మూడు నెలల తర్వాత తనిఖీకి వెళ్లాను. పాత రోజుల్లో ‘అడ్మిన్’ పేరుతో నెలకు రెండు వందలకు తక్కువ కాకుండా వీడియోలు తెరిచేవారు. ఆ నెల మొత్తం తొమ్మిది. అందులో ఏడింటికి కారణం ఒకటే: పార్కింగ్‌లో ఎవరి కారుకో గీత పడింది. బయటికి వస్తుంటే ఆవిడ మెట్ల దగ్గర కనిపించారు. అలవెన్స్ పెరిగిందని చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, ఆ ఏడుగురిలో ఒకాయనతో రోజూ లిఫ్ట్‌లో వెళ్తున్నానని, నమస్కారం పెట్టాలా వద్దా తెలియడం లేదని అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.